బోర్డు ఆఖర్న పెట్టండి

సికింద్రాబాద్‌లో కాలనీ సంక్షేమ సంఘాల పెద్దలు, రిటైరైన లెక్చరర్లు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కార్యదర్శులు ఈమధ్య తరచూ ఒకే సంగతి అడుగుతున్నారు. "మా ఏరియాలో యువత కోసం మానసిక ఆరోగ్య కేంద్రం ఒకటి పెట్టాలనుకుంటున్నామండీ" అంటారు. మంచి మాటే. చిక్కంతా రెండో మాటతో వస్తుంది. "స్థలం చూశాం, దాతలున్నారు, సైకియాట్రిస్టే దొరకడం లేదు. ఆయన దొరికితే ప్రారంభోత్సవమే." ఆ తర్వాత బోర్డు మీద ఎవరి పేరు ఎంత పెద్దగా ఉండాలన్న చర్చ. పిల్లల ప్రస్తావన వచ్చేసరికి టీలు కూడా అయిపోతాయి.

మనసుకు సంబంధించిన కేంద్రం అంటే చిన్న సైజు ఎర్రగడ్డ అనుకోవడం వల్ల వచ్చిన తిప్పలివి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల 1895లో, అప్పటి నిజాం రాజ్యంలో ఉన్న జాల్నాలో, దాదాపు జైలు పద్ధతిలో మొదలైంది. 1950ల్లో హైదరాబాద్‌కు వచ్చింది. ఇవాళ అది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్. తీవ్రమైన జబ్బులకు అక్కడ అందే వైద్యం ఎంతోమందికి దిక్కు. అయినా సినిమా హాస్యంలో ఆ ఊరి పేరే ఒక జోకు. ఆ జోకుకు నవ్వి పెరిగిన కుర్రాడు, రేపు తనకు నిద్ర పట్టకపోతే "మానసిక" అన్న బోర్డున్న గుమ్మం ఎక్కుతాడా?

సికింద్రాబాద్‌లో ఇంకో గందరగోళం కూడా ఉంది. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984 నుంచీ ఒక జాతీయ సంస్థ ఉంది. అది మేధో వైకల్యం ఉన్న పిల్లల శిక్షణ కోసం, వాళ్లకు చదువు చెప్పే టీచర్ల తయారీ కోసం పెట్టినది. చాలా మంచి సంస్థ. కానీ "పిల్లవాడికి డిప్రెషన్ అంటున్నారు, బోయిన్‌పల్లి తీసుకెళ్లమంటారా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ తగులుతారు. పుట్టుకతోనో పసితనంలోనో తెలివితేటల ఎదుగుదల మందగించడం వేరు, చక్కగా చదువుకుంటున్న పిల్లకు పదిహేడో ఏట మనసు కుంగిపోవడం వేరు. స్టేట్ ర్యాంకర్‌కి కూడా డిప్రెషన్ వస్తుంది. ర్యాంకు దానికి అడ్డు రాదు.

జబ్బు వయసు, వైద్యం వయసు

2021లో ప్రపంచవ్యాప్త పరిశోధనలన్నీ కలిపి లెక్క వేస్తే, మానసిక సమస్యల్లో మూడో వంతుకు పైగా 14 ఏళ్లలోపు, దాదాపు సగం 18 ఏళ్లలోపు, 60 శాతానికి పైగా 25 ఏళ్లలోపు మొదలవుతున్నట్టు తేలింది. మన దగ్గర వైద్యం మొదలయ్యేది పెళ్లి సంబంధం చెడిపోయాకో, ఉద్యోగం ఊడాకో. మధ్యలో పోయిన పదేళ్లే అసలు నష్టం. చదువు, స్నేహాలు, ఉద్యోగం అన్నీ కుదురుకోవాల్సిన పదేళ్లవి.

బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అరవై మంది కూర్చునే ఇంటర్ సెక్షన్‌లో సగటున నలుగురు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లున్న నేలను కొలవకుండా వేసిన లెక్క ఇది.

ఇక డాక్టర్లు. లక్ష జనాభాకు కనీసం ముగ్గురు సైకియాట్రిస్టులుండాలంటారు. దేశంలో లక్షకు ఒక్కరు కూడా లేరు, ఉన్నది ముప్పాతిక. పిల్లల మనస్తత్వం ప్రత్యేకంగా చదివినవాళ్లు ఇంకా అరుదు. కాబట్టి "సైకియాట్రిస్టు దొరికాక మొదలుపెడతాం" అనే సంఘం ఆ పని మొదలుపెట్టదు.

విచారణ కౌంటర్

సికింద్రాబాద్ వాళ్లకు చెప్పాలంటే రైల్వే స్టేషన్ కంటే మంచి పోలిక నాకు దొరకలేదు. 1874 నుంచీ ఈ ఊరు స్టేషన్ చుట్టూ పెరిగింది. స్టేషన్‌కు వచ్చినవాడికి మొదట కావాల్సింది ఇంజిన్ కాదు, విచారణ కౌంటర్. ఏ రైలు, ఏ ప్లాట్‌ఫారం, ఎన్నింటికి, టికెట్ ఎక్కడ అన్నవి చెప్పే మనిషి. వచ్చినవాళ్లలో సగం మందికి అసలు రైలే అక్కర్లేదు. ఎవరినో దింపడానికి వచ్చారు, లేదా తప్పిపోయారు, లేదా ఎండలో తిరిగి కాసేపు కూర్చోవాలి. యువత కోసం పెట్టే కేంద్రం ఆ కౌంటర్. ఆస్పత్రి రైలు. రెండూ కావాలి. కానీ రైలు డ్రైవర్ దొరికేదాకా విచారణ కౌంటర్ తెరవం అని ఏ స్టేషన్ మాస్టరూ అనడు.

కౌంటర్‌లో కూర్చున్నవాడు రైలు నడపకూడదు. ఏ రైలు ఎటు పోతుందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. గాంధీ ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో, ఎన్నింటికి, ఎర్రగడ్డలో చీటీ ఎక్కడ రాయించుకోవాలి, దగ్గర్లోని బస్తీ దవాఖానా డాక్టరు ఎవరు, మత్తు అలవాటు మాన్పించే చోటు ఎక్కడ అన్నవి అతని దగ్గర కాగితం మీద ఉండాలి. ఈమధ్య స్టేషన్ పాత భవనం పడగొట్టి కొత్తది కడుతూ కొన్ని రైళ్లను చర్లపల్లి వైపు మళ్లించారు. మళ్లించినప్పుడు కనీసం మైకులో చెప్పారు. మన దగ్గర మాత్రం పిల్లను ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపేటప్పుడు "ఫలానా చోటికి వెళ్లమ్మా" అనేసి ఊరుకుంటాం. ఆ పిల్ల ఫలానా చోటికి వెళ్లిందో లేదో అడిగేవాడుండడు. మంచి కేంద్రంలో వాలంటీరు తోడు వెళ్తాడు, ఓపీ చీటీ రాయించి డాక్టరు గది దాకా దిగబెడతాడు. సామాను మోసే పోర్టరు కూడా అంతే కదా, బోగీలో సీటు కింద పెట్టాకే డబ్బులడుగుతాడు.

భవనం సంగతి కూడా ఇందులోనే ఉంది. పాత స్టేషన్ ముఖద్వారం పోయినా ప్రయాణికుల రాక ఆగలేదు. ఎటు వెళ్లాలో చెప్పేవాళ్లుంటే గోడలు లేకపోయినా పని నడుస్తుంది.

టీ పోసినవాళ్ల కథ

"డాక్టరు కాని మనిషి ఏం చేయగలడు?" అనే అనుమానానికి డెబ్బై ఏళ్ల కిందటే జవాబు దొరికింది. 1935లో ఇంగ్లండ్‌లో చాడ్ వరా అనే యువ మతగురువు తన తొలి అంత్యక్రియలు జరిపాడు. చనిపోయింది పద్నాలుగేళ్ల పిల్ల. నెలసరి మొదలైతే ఏదో చెడ్డ రోగం వచ్చిందనుకుని, అడగడానికి మనిషి లేక ప్రాణం తీసుకుంది. 1953లో అతను లండన్‌లో తన చర్చిలో ఒక ఫోన్ పెట్టి, చావాలనుకునేవాళ్లు ముందు నాతో మాట్లాడండని పిలుపునిచ్చాడు. జనం పోటెత్తారు. అందరితో మాట్లాడడానికి అతనొక్కడూ చాలలేదు. వేచి ఉన్నవాళ్లకు టీ ఇవ్వడానికి కొందరు మామూలు మనుషులు వచ్చి కూర్చున్నారు. కొన్నాళ్లకు వరా ఒక సంగతి గమనించాడు. టీ తాగుతూ ఆ వాలంటీర్లతో మాట్లాడినవాళ్లలో చాలామంది తన గదిలోకి రాకుండానే తేలికపడి ఇంటికి వెళ్లిపోతున్నారు. 1954లో వినే పని మొత్తం వాళ్లకే అప్పగించాడు. అదే సమారిటన్స్ సంస్థ. ఆ పద్ధతిలోనే 1986లో చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 'స్నేహ' మొదలుపెట్టారు.

సికింద్రాబాద్‌లో ఆ దారిలో నడుస్తున్నది సింధీ కాలనీలోని 'రోష్ని'. రెండు దశాబ్దాలకు పైగా జీతం తీసుకోని వాలంటీర్లు అక్కడ ఫోన్ ఎత్తుతున్నారు. పేరు అడగరు, ఫీజు లేదు, సలహాలు గుప్పించరు. శిక్షణ పొంది వింటారు. మన ఊళ్లోనే, ఎస్పీ రోడ్డు పక్కనే ఈ అనుభవం ఇన్నేళ్లుగా పోగుపడి ఉండగా, "సికింద్రాబాద్‌లో ఇలాంటిది తొలిసారిగా మేమే" అని కరపత్రం వేసేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. ముందు వెళ్లి వాళ్ల దగ్గర నేర్చుకోండి.

బేగంపేటలో ఓ దోమ

సింధీ కాలనీ దాకా వచ్చాం కనుక ఇంకొంచెం ముందుకు నడుద్దాం. పాత విమానాశ్రయం దగ్గర బేగంపేటలో ఒక పాత బంగళా ఉంది. 1897 ఆగస్టు 20న, కంటోన్మెంట్ డాక్టరు రోనాల్డ్ రాస్ ఆ ఇంట్లో ఒక దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగి అలాంటి దోమల చేత కుట్టించుకుంటే, కుట్టిన దోమకు అణా చొప్పున ఇచ్చాడు. ఆ పనికి 1902లో నోబెల్ వచ్చింది. దానికి ముందు పెద్ద పెద్ద డాక్టర్లే మలేరియా బురద నేలల చెడు గాలి వల్ల వస్తుందని నమ్మేవారు.

ఆ బంగళాకు కూతవేటు దూరంలో ఇవాళ్టికీ, పరీక్షల ముందు మాట పడిపోయిన పిల్లకు గాలి సోకిందని తాయెత్తు కడుతున్నారు. గొంతులు వినిపిస్తున్నాయన్న కుర్రాడికి నిమ్మకాయలు కోయిస్తున్నారు. తాయెత్తు మీద నాకు పెద్ద కోపం లేదు, అది చేతికి బరువు కాదు. దాని కోసం పోగొట్టుకునే ఆరు నెలల మీదే నా కోపం. గొంతులు వినిపించే జబ్బులో మందు ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టం. ఇక అన్నింటికంటే ఘోరమైన మూఢనమ్మకానికి తాయెత్తు కూడా అక్కర్లేదు, శుభలేఖ చాలు. "పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది" అని పిల్లవాడి జబ్బుకు పరాయింటి ఆడపిల్లను మందుగా రాసే పెద్దలు డబుల్ ఎమ్మేలు చదివినవాళ్లలోనూ ఉన్నారు. రాస్ దోమను పట్టి నూట పాతికేళ్లు దాటింది.

గదిలో జరిగేదేమిటి?

అందరూ అడిగేది, ఎవరూ సరిగా చెప్పనిది ఇదే. కాబట్టి కాస్త తీరిగ్గా చూద్దాం. ఇలాంటి చోట్ల మాట ఎలా నడుస్తుందో తెలియడానికి ఒక ఊహా సన్నివేశం.

సాయంత్రం అయిదున్నర. అడ్డగుట్ట నుంచో వారాసిగూడ నుంచో ఒక ఇంటర్ కుర్రాడు వచ్చాడు. బ్యాగు ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మా దోస్తు ఒకడున్నడు అక్కా. వానికి నిద్ర పడతలేదు. ఏం చెయ్యాలె అని అడుగుదామని వచ్చిన."

దోస్తు ఎవరో వాలంటీరుకు తెలుసు. తెలిసినట్టు కనపడకూడదు. "నువ్వేనా?" అని నవ్విందా, అతను లేచి వెళ్లిపోతాడు, మళ్లీ రాడు.

"ఎన్ని రోజులైతుంది?"

"నెలైతుంది."

"రాత్రి నిద్ర పట్టకుంటే ఏం ఆలోచిస్తడట?"

కుర్రాడు మాట్లాడడు. ఇక్కడే శిక్షణ లేని మనిషి ఓడిపోయేది. ఆ మౌనాన్ని భరించలేక ఏదో ఒకటి పోసేస్తాడు. "ఫోన్ చూడడం మానమను", "పొద్దున్నే వాకింగ్ చెయ్యమను", "మా రోజుల్లో కరెంటే లేదు". శిక్షణ ఉన్న మనిషి మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపి ఊరుకుంటుంది. కాసేపటికి అతనే అంటాడు. "వాడు ఫిజిక్స్‌ల ఫెయిలైండు. కోచింగ్‌కు పోతలేడు. ఇంట్ల తెల్వదు." ఇంకాసేపటికి "వాడు" పోయి "నేను" వస్తుంది. ఏ నిమిషంలో వచ్చిందో అతను గమనించడు. వాలంటీరు గమనిస్తుంది, పైకి అనదు.

తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కొత్త వాలంటీర్లు అందరూ దానికి భయపడతారు. "ఇట్లుండే బదులు చచ్చిపోతే బాగుండని ఎప్పుడన్నా అనిపించిందా?" సూటిగా, మామూలు గొంతుతో అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మన భయం. దీని మీద జరిగిన పరిశోధనలు ఆ భయం తప్పనే చెబుతున్నాయి. అడగడం వల్ల ఆ ఆలోచన పెరగదు. చాలామందికి ఒక మనిషి ఆ మాట బెదరకుండా పలికినందుకే ఊపిరి పీల్చుకున్నట్టవుతుంది. అవునంటే తర్వాతి ప్రశ్నలు: ఎలా అనుకున్నావు, ఎప్పుడు అనుకున్నావు, ఇవాళ కూడా ఉందా. చివరి ప్రశ్నకు అవునని జవాబు వస్తే ఆ సాయంత్రం అతన్ని ఒంటరిగా పంపకూడదు. ఇంట్లో నమ్మకమైన ఒక పెద్దను పిలవాలి. డాక్టరు దగ్గరకు ఆ రోజే వెళ్లాలి.

కాదంటే అసలు పని మొదలవుతుంది. మన కుర్రాడి సమస్యలు మూడు: ఫిజిక్స్, మానేసిన కోచింగ్, ఇంట్లో దాచిన నిజం. మూడింటినీ కాగితం మీద రాయించాలి, రాసేది అతనే. ఇవాళ దేన్ని పట్టుకుందాం? ఆలోచించి "ఇంట్ల చెప్పుడు" అంటాడు. మార్గాలెన్ని? నాన్నకు నేరుగా చెప్పడం, అమ్మకు చెప్పడం, మేనమామతో చెప్పించడం, చెప్పకుండా ఉండడం. ఆఖరిదీ రాయాలి, అదీ అతని మార్గమే. ఒక్కోదానికీ లాభమేమిటి, నష్టమేమిటి? మేనమామ సరేనంటాడు. ఎప్పుడు? ఆదివారం, మామ భోజనానికి వచ్చినప్పుడు. మళ్లీ గురువారం వచ్చి ఏమైందో చెప్పు. మొత్తం ముప్పావు గంట. సలహా ఒక్కటీ లేదు. నిర్ణయం అతనిదే కాబట్టి ఆదివారం నోరు తెరవడానికి ధైర్యం వస్తుంది.

ఇది నేను కల్పించిన పద్ధతి కాదు. గోవాలో పుట్టిన సంగత్ సంస్థ ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో మానసిక వైద్య నిపుణులు కాని కౌన్సెలర్లతో, బొమ్మల పుస్తకాలతో ఇలాంటిదే చేసి చూసింది. సమస్య, మార్గాలు, ఆచరణ అనే మూడు మెట్లు. ఆ పిల్లలు తమంతట తాము చెప్పుకున్న సమస్యల భారం, పుస్తకాలు మాత్రమే ఇచ్చిన పిల్లలతో పోలిస్తే ఎక్కువ తగ్గింది. జింబాబ్వేలో సైకియాట్రిస్టు డిక్సన్ చిబాండా 2006లో ఆస్పత్రి ఆవరణలో బెంచీలు వేయించి, శిక్షణ ఇచ్చిన బామ్మలను కూర్చోబెట్టాడు. పదేళ్ల తర్వాత శాస్త్రీయంగా పరీక్షించారు. ఆరు నెలలకు డిప్రెషన్ లక్షణాలు మిగిలింది బెంచీ మీద కూర్చుని మాట్లాడినవాళ్లలో సుమారు 14 శాతం మందికి, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో సుమారు 50 శాతం మందికి. బామ్మలకు మన దగ్గర కొరత లేదు. వాళ్లకు కావాల్సిందల్లా, మధ్యలో సామెత చెప్పకుండా ఉండే శిక్షణ.

లెక్కలు, చట్టాలు

ఎంతమంది కావాలి? వారానికి ఆరు సాయంత్రాలు, రోజుకు నాలుగు గంటలు తెరిస్తే 24 గంటలు. ఒక్కరే ఉండకూడదు కాబట్టి ఇద్దరు చొప్పున 48. ఒక్కొక్కరు వారానికి నాలుగు గంటలు ఇస్తే పన్నెండు మంది. జ్వరాలు, పెళ్లిళ్లు, బోనాలు కలుపుకుంటే ఇరవై మంది లేనిదే తలుపు తీయొద్దు. వాళ్లను నడిపించడానికి ఒక క్లినికల్ సైకాలజిస్టు వారానికొకసారి వచ్చి కేసులు వింటే చాలు. ఆ వచ్చే మనిషికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు ఉందో లేదో చూడండి. వారాంతపు సర్టిఫికెట్‌తో "సైకాలజిస్ట్" అని కార్డు కొట్టించుకున్నవాళ్లు ఊరినిండా ఉన్నారు. సాయంత్రాలే ఎందుకంటే, పిల్లలకు తీరిక దొరికేది అప్పుడే. పది నుంచి అయిదు దాకా తెరిచే కేంద్రానికి వచ్చేది రిటైరైనవాళ్లు మాత్రమే.

చట్టం సంగతి గబగబా చెప్పేస్తాను. సొసైటీగా నమోదు కావడానికి ఏడుగురు సభ్యులు చాలు. 2018 మేలో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, రోగులను చేర్చుకుని ఉంచుకునే చోట్లే రాష్ట్ర అథారిటీ దగ్గర మానసిక ఆరోగ్య సంస్థగా నమోదు కావాలి. పడకలు లేకుండా మాట్లాడి పంపేవారికి ఆ బాదరబందీ లేదు. అందుకే పడకల జోలికి పోకండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలే తప్ప శిక్షించకూడదని ఆ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. పోలీసు కేసు భయంతో ఆస్పత్రికి తీసుకెళ్లకుండా ఆగిపోయే తల్లిదండ్రులకు ఈ ముక్క ముందు చెప్పాలి. గోప్యత కూడా చట్టం ఇచ్చిన హక్కే. అయితే పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు మొదటి రోజే రెండు మినహాయింపులు చెప్పాలి. ప్రాణాపాయం ఉంటే ఇంట్లో చెబుతాం. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం కింద ఫిర్యాదు చేయడం మా బాధ్యత. ముందు "ఎవరికీ చెప్పం" అని మాటిచ్చి తర్వాత చెబితే ఆ పిల్ల జన్మలో ఎవరినీ నమ్మదు.

ఇప్పుడు ఇలాంటి కేంద్రానికి కొత్త అవసరం కూడా వచ్చింది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాక ఇరవై మందికి పైగా పిల్లల ప్రాణాలు పోయాయి. మార్కుల మెమో ఒక్కటే కారణమని చెప్పలేం. ఏ ఆత్మహత్యకూ ఒకే కారణం ఉండదు. కానీ ఆ వారంలో ఆ పిల్లలకు మాట్లాడే మనిషి దొరికి ఉంటే అన్న ప్రశ్న మిగిలిపోయింది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశం మొత్తం మీద ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు 13,044 మంది. 2025 జులై 25న సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో తీర్పు చెబుతూ, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో, కోచింగ్ సెంటర్లతో సహా, అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. వంద లోపు ఉన్న చోట్ల బయటి నిపుణులతో అధికారికంగా ఏర్పాటు చేసుకోవాలి. సికింద్రాబాద్‌లో మెట్ల పక్కన రెండు గదుల్లో యాభై, అరవై మందితో నడిచే కోచింగ్ సెంటర్లు ఎన్నో. వాళ్లు ఏర్పాటు చేసుకోవాలంటే ఎవరో ఒకరు ఉండాలి కదా. మీ కేంద్రం పని అది. తార్నాక నుంచి తిరుమలగిరి దాకా అలాంటి సెంటర్ల జాబితా రాసుకుని, ఒక్కొక్క మెట్టూ ఎక్కి పరిచయం చేసుకోండి. దానికి ఖర్చయ్యేది ఆటో చార్జీలే.

అతి ఆశ వద్దు

ఆస్ట్రేలియాలో 2006లో ప్యాట్రిక్ మెక్‌గోరీ వంటివారు పట్టుబట్టి 'హెడ్‌స్పేస్' కేంద్రాలు పెట్టించారు. 12 నుంచి 25 ఏళ్లవారి కోసం, బజారు వీధుల్లో, ఆస్పత్రి వాసన లేకుండా. పేరులో 'మానసిక' అన్న మాట లేదు. లక్షల మంది పిల్లలు వచ్చారు. కానీ వచ్చినవాళ్లలో మెరుగుదల అనుకున్నంత పెద్దగా లేదని, నిరీక్షణ జాబితాలు పెరిగాయని, తీవ్రమైన జబ్బున్నవాళ్లు మధ్యలో జారిపోతున్నారని అక్కడి సమీక్షలే చెప్పాయి. తలుపు తెరిచినంత మాత్రాన సరిపోదు, లోపలి దారి ఆస్పత్రి దాకా సాగాలి. మనకూ ఇలాంటి చరిత్ర ఉంది. 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాలతో మొదలైనప్పుడు అందులో మన పక్కనున్న మెదక్ ఒకటి. బళ్లారిలో చేసి చూసిన పద్ధతే దానికి పునాది. పల్లె డాక్టర్లకు శిక్షణ ఇచ్చి మందులు అందించడం అందులో బాగా జరిగింది. ఊళ్లో మనుషులతో మాట్లాడే భాగం వెనకబడిపోయింది. ఆ వెనకబడిన భాగాన్నే ఇప్పుడు కాలనీలు భుజాన వేసుకుంటామంటున్నాయి. అందుకే ఈ చిరాకంతా.

కాబట్టి కేంద్రం పెట్టాలనుకునే పెద్దలకు నా విన్నపం. ముందు ఇరవై మందిని పోగు చేయండి. వాళ్లలో సగం మంది ముప్పై ఏళ్లలోపు వాళ్లుండాలి. ఆరు నెలలు శిక్షణ ఇప్పించండి. గాంధీ, ఎర్రగడ్డ ఓపీలకు వెళ్లి అక్కడి డాక్టర్లను కలిసి, పిల్లలను పంపితే చూస్తామన్న మాట తీసుకోండి. లైబ్రరీలోనో కమ్యూనిటీ హాల్లోనో రెండు గదులు అడగండి, ఒకదానికి తలుపు వేస్తే మాట బయటికి వినపడకుండా ఉండాలి. మొదటి ఏడాది ఎంతమంది వచ్చారన్నది కాకుండా ఎంతమంది రెండోసారి వచ్చారో లెక్క రాయండి. ఆ తర్వాత పిల్లలనే అడిగి వాళ్లు చెప్పిన పేరుతో బోర్డు పెట్టించండి. దాత పేరు లోపల గోడ మీద ఉన్నా పుణ్యం తగ్గదు.

ఇది చదువుతున్న పిల్లలకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు ఒక్క మాట. మీ కాలనీలో కేంద్రం వచ్చేదాకా ఆగొద్దు. ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్ ఫోన్ లైన్ ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. నంబరు 14416. "మా దోస్తుకు" అని మొదలుపెట్టినా సరే, వాళ్లు వింటారు.